పిసినారి బావి

ఆయన పోయిన సంగతి నాకు పాలమూరు బస్‌స్టాండులో తెలిసింది. మా ఊరి మంగలి కొడుకు హైదరాబాదు బస్సు కోసం నిలబడి పల్లీలు తింటున్నాడు. నన్ను చూసి, అరచేతిలో పొట్టు ఊదుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"అన్నా, పిసినారి పోయిండు."

ఎవరని నేను అడగలేదు. మా ఊళ్లో పటేళ్లు ఉన్నారు, పంతుళ్లు ఉన్నారు, ఒకే పేరున్న మల్లయ్యలు వీధికొకరు ఉన్నారు. పిసినారి మాత్రం ఒక్కడే.

"ఎట్ల పోయిండు?"

"జరం వచ్చింది. దవాఖానకు పోదాం పా అంటె వద్దన్నడట. తగ్గేదైతె ఇంట్లనే తగ్గుతది, తగ్గంది అక్కడ గూడ తగ్గదు అన్నడట."

వాడి బస్సు వచ్చింది, వాడు ఎక్కాడు. ఒక కార్డు ముక్క కూడా ఖర్చు కాకుండా తన చావు వార్త ఇంత దూరం చేరిందని తెలిస్తే ఆయన సంతోషించేవాడు. నేను ఏడవలేదు. సంతోషించనూ లేదు. పాలమూరులో నేనుండే ఇంటికి తిరగాల్సిన సందు దాటి చాలా దూరం వెళ్లిపోయానని తెలిశాక మాత్రం వెనక్కి నడవాల్సి వచ్చింది.

ఆయన అసలు పేరు నాకు తెలుసు. పొద్దున్నే ఆ పేరెత్తితే ఆ రోజు అన్నం పుట్టదని మా ఊరి నమ్మకం. పొద్దున పలకనిది మధ్యాహ్నం మాత్రం ఎందుకని, కొన్నాళ్లకు జనం ఆ పేరే మరిచిపోయారు. ఇది నేను పొద్దున్నే రాస్తున్నాను. నమ్మకాలు లేవు గానీ, ఇంకా ఏమీ తినలేదు. కాబట్టి పేరు వద్దు.

మనిషి పొడుగు. ఎముకల మీద చర్మం కూడా కొలత పెట్టి, మిగలకుండా తొడిగినట్టు ఉండేది. నవ్వితే మూతి ఒక పక్కకే పోయేది. రెండో పక్కను ఇంకెప్పటికో దాచుకున్నట్టు అనిపించేది.

చుట్ట అలవాటుండేది. అగ్గిపెట్టె అలవాటు లేదు. వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకుని ఇంటి నుంచి బయలుదేరి, ఎవరి నోట్లో నిప్పు కనిపిస్తే వారి దగ్గర ఆగి క్షేమసమాచారాలు అడిగేవాడు. పిల్లలెట్లున్నరు, ఎద్దుకు తగ్గిందా అని ఆయన అడుగుతున్నాడంటే, అడిగించుకున్నవాడు తన చుట్ట ఇంకా కాలుతోందని గ్రహించేవాడు. దారిలో ఎవరూ దొరకకపోతే కమ్మరి కొలిమి దాకా నడిచేవాడు. సగం కాలాక చెప్పుకు రుద్ది ఆర్పి, చెవి సందున దోపుకునేవాడు. ఆ రెండో సగానికి మళ్లీ ఇంకొకరి క్షేమం కావలసి వచ్చేది. ఆ విధంగా ఊరి బాగోగులు ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

దారిలో దొరికింది ఏదీ వదిలేవాడు కాదు. ఎద్దు కాలి నుంచి ఊడిన నాడా, తెగిన సుతిలి తాడు, సీసా మూత, ఎవరి అంగీదో గుండీ, అన్నీ వంగి తీసి ధోవతి రొండిన దోపుకునేవాడు. "ఉండనియ్యి, అక్కరకొస్తది," అనేవాడు. ఎవరి అక్కరకు వచ్చాయో ఊళ్లో ఎవరూ చూడలేదు. ఆయన కూర్చున్నా లేచినా రొండిలో చిన్న చప్పుడయ్యేది. ఆయన వస్తున్నాడని తెలుసుకోవడానికి అప్పుడు పిల్లలమైన మాకు అది చాలు.

ఇంటికి వెళ్లినవాళ్లకు చల్ల ఇప్పించేవాడు. మర్యాద తెలియనివాడు కాదు. ఆ నీళ్లలో చల్ల ఉందన్నది మాత్రం ఇంటివాళ్ల మాట మీద నమ్మాలి.

బావి దగ్గర మోట తోలే జీతగాడికి గొంతు బాగుండేది. ఎద్దులు వెనక్కి నడుస్తుంటే రాగం తీసేవాడు. ఆయన వచ్చి నిలబడి కాసేపు విని, "పాడకు రా," అనేవాడు. "పాడితె దూపయితది. దూపయితె నీళ్లు తాగుతవు. ఊకె తోలు."

ఆ జీతగాడే ఈ మాట ఊరంతా చెప్పి నవ్వించాడు. నేనూ నవ్వాను. కానీ మిగతావాళ్ల లాగా కాదు. నాకు ఆయనంటే ఇష్టం. ఇది చెప్పకపోతే తరవాతి సంగతి మీకు మామూలు బావి తగాదాలా కనిపిస్తుంది.

మాది గొర్రెలు కాచుకునే ఇల్లు. మా నాయిన బీరయ్య మందను తప్ప ఇంకో పుస్తకం చదవలేదు. పాలమూరు హైస్కూలుకు పోతానని నేను బయలుదేరినప్పుడు మా వాళ్లలో కొందరు, గొర్లు కాసేటోనికి సదువెందుకన్నారు. ఇంకొందరు, వీడు తిరిగి రాడన్నారు. ఆయన ఒక్కడు మా ఇంటి ముందుకు వచ్చి, నా రేకు పెట్టెను చుట్టూ తిరిగి చూశాడు. దానికి తాళం లేదు, మూత నిలవదు. రొండి తడిమి తడిమి ఒక తాడు బయటికి తీశాడు. పెట్టెకు అడ్డంగా, నిలువుగా వేసి ముడి వేశాడు.

మా అమ్మ చేతిలో చేట అలాగే ఆగిపోయింది. ఆ రొండిలోకి వస్తువులు పోవడమే ఊరికి తెలుసు. బయటికి రావడం ఆ రోజు మా వాకిట్లో జరిగింది.

"సెలవులకొచ్చినప్పుడు తాడు తెచ్చియ్యి," అన్నాడు.

తెచ్చి ఇచ్చాను. ముడి విప్పిన చోట నలిగిందేమోనని చూసి తీసుకున్నాడు. మళ్లీ బయలుదేరే రోజు మళ్లీ తెచ్చి కట్టాడు. హైస్కూలు చదువంతా నా పెట్టె ఆ తాడు మీదే పాలమూరుకు పోయి వచ్చింది.

నేను సెలవులకు వస్తే ఆయనకు పేపరు చదవాలి. చావడిలో పడి ఉన్న పాత పేపరు తెచ్చేవాడు. ఎంత పాతదైనా ఆయనకు అభ్యంతరం లేదు. జరిగిందేదీ వెనక్కి పోదు గదా అనేవాడు. చదువుతుంటే కళ్లు మూసుకుని వినేవాడు. వాన వార్త వస్తే, "గది మళ్ల సదువు," అనేవాడు. ఎక్కడో గుంటూరులో పడిన వానను నాచేత రెండుసార్లు కురిపించుకునేవాడు.

అలా చదువుతున్న ఒక రోజే అడిగాడు.

"పిలగా, ఊరంత నన్ను పిసినారి అంటది. తెలుసా?"

నేను పేపరులోకి చూశాను.

"నాకు చెవులున్నయి లే. గా మాటకు అర్థమేందో మీ పంతుల్ని అడిగిరా. ఇన్నేండ్ల సంది తిట్టించుకుంటున్న. అర్థం తెల్వకుంట తిట్టించుకుంటె ఉత్తగ పోతున్నట్టుంది."

తిట్టును కూడా వృథా పోనివ్వని మనిషిని నేను మళ్లీ చూడలేదు.

మా తెలుగు పంతులు గారు మాటల మనిషి. ఏ మాటను అడిగినా దాని తాతముత్తాతల దాకా పోయేవారు. "పిసిని అంటేనే లోభం నాయనా," అన్నారు. "పూజను పట్టుకున్నవాడు పూజారి అయినట్టు, పిసినిని పట్టుకున్నవాడు పిసినారి. అయితే ఈ పిసిని ఎక్కడిది? సంస్కృతంలో పిశునుడు అని ఒకడున్నాడు. వాడి నుంచి వచ్చిందని కొందరంటారు. వాడు చాడీకోరు, నీచుడు, పక్కనే ఉండి ముంచేవాడు. తెలుగు దాకా నడిచి వచ్చేసరికి అలసిపోయి ఒట్టి లోభి అయ్యాడన్న మాట." ఇది నిజమేనా అంటే, "మాటలకు జన్మపత్రికలు ఉండవు," అని నవ్వారు. పక్క గదిలో ఉర్దూ చెప్పే మౌల్వీ సాబు ఇదంతా విని ఇవతలికి వచ్చాడు. "ఇంత దూరం ఎందుకు? మా దాంట్లో మక్కీచూస్ అంటాం. నెయ్యిలో ఈగ పడితే తీసి పారేయడు. దాన్ని చీకి నెయ్యి మిగుల్చుకుంటాడు. సంస్కృతం అక్కర్లేదు, చూస్తేనే తెలుస్తుంది."

సెలవుల్లో ఇదంతా ఆయనకు అప్పజెప్పాను. ఒక్కో అర్థాన్ని సంతలో కోడెను చూసినట్టు చూశాడు.

"ఈగ సంగతి తప్పు," అన్నాడు ముందు. "ఇంట్ల నెయ్యి ఉన్నోడు పిసినారెట్లయితడు? నెయ్యి కరుసు పెట్టినంక ఈగ ఎంత మిగులుస్తది? గది దండగమారి పని."

"పంతులు చెప్పింది?"

"చాడీలు నాతోటి గాదు. చాడి చెప్పాల్నంటె శాన మాట్లాడాలె." ఆ ఒక పక్క నవ్వు నవ్వాడు. "ముంచుడంటవా, ముంచాల్నంటె నీళ్లుండాలె. గీ దేశంల యాడున్నయి?"

ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆయన నవ్వగా రెండో పక్క మూతి కూడా కదిలింది ఆ రోజు.

ఆ దేశంలో నీళ్లు ఆయన బావిలో ఉండేవి. రాతిని తొలిచిన బావి. మిగతా బావులు మాఘం దాటాక చేదకు బురద ఇచ్చేవి. ఆయనది ఎండాకాలంలో కూడా మోట ఆడేది.

ఇక్కడ మంద పెట్టుడు గురించి చెప్పాలి. కోతలయ్యాక మా గొర్లను రాత్రిళ్లు రైతుల చేన్లలో పండబెడతారు. చుట్టూ తడకలు కట్టి, నాయిన గొంగడి కప్పుకుని కాపలా పడుకుంటాడు. తెల్లారేసరికి గొర్రె పెంటికలతో ఆ మడి ఎరువు మడి అవుతుంది. మరునాడు తడకలు జరిపి పక్క మడిలో పెడతారు. ఇందుకు రైతు జొన్నలో, సజ్జలో కొలిచి ఇస్తాడు. మా తిండి అదే. మంద నిలిచిన చేను ఆ ఏడు చూస్తే తెలుస్తుంది, చదువు అక్కర్లేదు.

ఆయనతో మాత్రం ఒప్పందం వేరు. గింజలు కొలవాలంటే ఆయన చెయ్యి లేవదు. అందుకని, ఎన్నేళ్ల కిందో, మా తాత ఉన్నప్పుడే మాట అయింది. చలికాలంలో మా మంద ఆయన చేనులో పండుతుంది. ఎండాకాలంలో మా మంద ఆయన బావి తొట్టిలో తాగుతుంది. గింజ లేదు, కాగితం లేదు. ఎరువుకు నీళ్లు.

మా నాయిన దృష్టిలో ఇది మంచి బేరం. గింజలు తింటే అయిపోతాయి. వైశాఖంలో నీళ్లు దొరికితే మంద మిగులుతుంది. మంద మిగిలితే మేమంతా మిగిలినట్టే.

ఆ మాట ఆయన ఏటేటా నిలబెట్టుకున్నాడు. సంతోషంగా నిలబెట్టుకున్నాడని అనను. గొర్లు తాగుతున్నంతసేపూ తొట్టి పక్కనే నిలబడి, ఒక్కోదాని గొంతు వైపే చూసేవాడు.

"బీరయ్యా, గా నల్లది తాగుతుందా, బావినే కడుపుల పెట్టుకుంటుందా?"

"సూడిది పటేలా. రెండు పానాలు."

"పిల్ల పుట్టినంక దానికి వేరే తాగిపియ్యవు గదా మళ్ల?"

నాయిన నవ్వేవాడు. ఆయన కూడా. కళ్లలో మాత్రం ప్రతి గుక్కా పడేది. అయినా తొట్టి ఎండనివ్వలేదు. ఇది చూసే నేను హాస్టల్లో, తరవాత హైదరాబాదు కాలేజీలో కూడా, ఆయన గురించి కథలు చెప్పి అందరినీ నవ్వించాక చివర్న ఒక మాట కలిపేవాణ్ని. పిసినారే గానీ, మాట తప్పడు అని. ఆయన మీద ఎవరైనా అంతకు మించి నవ్వితే నాకు నచ్చేది కాదు.

నేను కాలేజీలో ఉండగా ఒక ఏడు వానలు సరిగ్గా పడలేదు. దసరాకే చెరువు అడుగు తేలిపోయింది. అయినా చలికాలంలో ఆయన మా ఇంటికి వచ్చాడు. చుట్ట వెలిగించుకోవడానికి కాదు, పని మీదే. బావి పక్క మెట్ట చెలకలో మామిడి మొక్కలు పెట్టాడట. ఆ చెలకలో మంద ఎక్కువ రోజులు పెట్టమన్నాడు. అప్పటికే ఇంకో రైతు మంద పెడితే సజ్జలిస్తానని నాయినను అడిగి ఉన్నాడు. కరువు ఏడు, సజ్జలు చిన్న మాట కాదు. మా అమ్మ సజ్జల వైపే మొగ్గింది.

"తిండి ముందా, నీళ్లు ముందా?" అన్నాడు నాయిన.

"అమ్మా, గీ ఏడు నీళ్లే ముందు," అని ఆయనే జవాబిచ్చాడు. "ఎండలు ముదిరినంక నా బావి తప్ప ఇంకేడ తాగిపిస్తరు? నేనున్న గదా."

మంద ఆ చెలకలో పెట్టారు. సంక్రాంతి పోయి, శివరాత్రి పోయినా తడకలు అక్కడే తిరిగాయి. కంప కట్టిన ప్రతి మామిడి మొక్క చుట్టూ మా గొర్లు పడుకుని లేచాయి. సజ్జలు ఇంకొకరి మందకు పోయాయి.

పరీక్షలు రాసి నేను ఊరికి వచ్చేసరికి ఎండ మా నాయిన మొహం మీదే కనిపించింది. మందను తోలుకుని పొద్దెక్కేసరికి ఆయన బావికి వెళ్లాం. గొర్లకు ఆ దారి తెలుసు. తోలనవసరం లేకుండా ముందుకు పోయాయి. పోయి, ఆగాయి. తొట్టికి పోయే దారికి అడ్డంగా తుమ్మకంప కొట్టి ఉంది. కంపకు అవతల ఆయన తొట్టి అంచు మీద కూర్చుని ఉన్నాడు. తొట్టి పొడిగా ఉంది. వెనకాల మోట మాత్రం ఆడుతోంది. నీళ్లు కాలువ మీదుగా మామిడి మొక్కలకు పోతున్నాయి. మొక్కలు, చెప్పకూడదు గానీ, చాలా బాగున్నాయి.

"పటేలా, కంప వేసినరేంది?" అన్నాడు నాయిన.

"నీళ్లు దిగినయి బీరయ్యా."

"మోట ఆడ్తుంది గదా."

"ఆడ్తుంది. మొక్కలకు సరిపోయే మందమే."

నాయిన అర్థం కానట్టు కంపనూ ఆయననూ మార్చి మార్చి చూశాడు. కోపం రాలేదు. కోపం రావడానికి ముందు నమ్మాలి గదా, అది ఇంకా నమ్మలేదు. "మాట ఉండె గదా పటేలా. మా నాయిన నాటి మాట."

"మాట నీళ్లున్ననాటిది."

"మరి మంద పెట్టినప్పుడు జెప్పకపోతివి?" ఇది నేను. "సజ్జలు వద్దనుకుని పెట్టినం తాతా. నేనున్న గదా అన్నవు."

నా వైపు తిరిగాడు. ఎప్పటి మొహమే. పేపరు చదవమని అడిగే మొహమే. అది మారి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

"సదువుకున్నోడివి, నువ్వే జెప్పు బిడ్డా. గొర్లకు కాళ్లున్నయి. యాడికన్న పోతయి. నా చెట్లకు లేవు."

"మరి మా ఎరువు?"

"భూమిల కలిసింది. ఎట్ల తీయాల్నో చెప్పు, తీసి ఇచ్చేస్త."

ఎగతాళి చేయలేదు. నేను ఒక పద్ధతి చెబితే నిజంగానే ప్రయత్నించి ఉండేవాడని ఇప్పటికీ అనుకుంటాను. కాలేజీలో వక్తృత్వానికి నాకు కప్పు ఇచ్చారు. ఆ కప్పు ఆ కంప దాకా రాలేదు.

నాయిన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఒక్క పూట పటేలా. సూడివి మటుకు తాగనియ్యుండ్రి. పిల్లలు తల్లుల కింద పడిపోతున్నయి."

ఆయన కాలువ వైపు తిరిగాడు. నీళ్లు ఏ మొక్క దాకా పోయాయో చూస్తూ కూర్చున్నాడు. గొర్లు కంప దగ్గరే నిలబడ్డాయి. మోట నీళ్లు పడుతున్న చప్పుడు వినిపించినప్పుడల్లా తలలన్నీ ఒకేసారి అటు తిరిగేవి. ఎండ నెత్తి మీదికి వచ్చింది. అవి కదలవు. నాయిన వాటిని కొట్టి తోలాల్సి వచ్చింది. మా నాయిన మందను కొట్టడం నేను చూసింది అప్పుడే.

మలుపు దగ్గర వెనక్కి చూశాను. ఆయన కంప ఓరగా జరిపి ఇవతలికి వచ్చాడు. చేతిలో గంప ఉంది. మా గొర్లు నిలబడిన చోట కూర్చుని, అవి వేసిన పెంటికలను ఏరి గంపలో వేసుకుంటున్నాడు.

మందను ఆత్మకూరు దాటించి కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయాం. దారిలో ఏ ఊళ్లో అడిగినా మనుషులకే లేవన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. సూడివి ముందు పడ్డాయి. కొన్నిటిని నాయిన భుజాన వేసుకుని నడిచాడు, భుజం మీదే పోయాయి. ఏట్లో మడుగు కనిపించగానే మిగిలినవి పరుగెత్తి తాగాయి, తాగి ఇంకొన్ని పడ్డాయి. వానలు పడి తిరిగి వచ్చినప్పుడు మందను చూసి మా అమ్మ దడి దగ్గరే కూర్చుండిపోయింది. తడకలు ఎక్కువయ్యాయి, గొర్లు చాలలేదు. ఆ చలికాలం నాయిన ఎవరి చేనులోనూ మంద పెట్టలేదు. పెట్టడానికి మంద అనేంత లేదు. ఇంకొకరి గొర్లు కాయడానికి కుదిరాడు.

ఒక రోజు అన్నం ముందు కూర్చుని నేను అన్నాను. ఊరు అన్నేళ్లుగా అన్నా నేనెప్పుడూ అనని మాట. "పిసినారి ముండాకొడుకు," అన్నాను.

నాయిన ముద్ద కలుపుతున్నవాడు ఆగాడు.

"గట్లనకు."

"ఇంకా గట్లనకు అంటవేంది నాయినా?"

"పిసినారి అంటె తనది తను దాసుకునేటోడు. దాసుకోనీ, తప్పు లేదు. గా నీళ్లు ఆయనయి గావు. మనయి."

మరి ఆయనను ఏమనాలని నేను అడిగాను. నాయిన ఆలోచించాడు. పంతులు గారి లాగా చాలా వెనక్కి పోయి వెతికినట్టే కనిపించాడు. మాట దొరకలేదు. అన్నం తిన్నాడు.

తరవాత నేను ఆయనను ఊళ్లో చాలాసార్లు చూశాను. కొట్లాట ఏమీ జరగలేదు. మొదటిసారి ఎదురుపడినప్పుడు ఆయనే ఆగాడు. వెలగని చుట్ట నోట్లో ఉంది. "ఏం పిలగా, మంచిగున్నవా? మీ నాయిన పానం మంచిగుందా?" అన్నాడు. ఊరి అలవాటుగా, నోట్లో నిప్పుందేమోనని తడుముకున్నాను. నేను చుట్ట తాగను. నిప్పు లేకుండానే అడిగాడు. ఆ ప్రశ్న ఆయన లెక్కలో ఒట్టి ఖర్చు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అది నన్ను ఇంకా కోపంలో ముంచింది. మనల్ని ముంచినవాడు మనమంటే ఇష్టం లేకుండా ముంచాడని అనుకోవడానికి ఉండాలి. ఆయన నాకు ఆ మాత్రం సదుపాయం కూడా ఇవ్వలేదు.

"పేపరు దెచ్చిన. సదువుతవా?" అన్నాడు.

పని ఉందన్నాను. పని లేదని ఇద్దరికీ తెలుసు. పేపరు మడిచి రొండిన పెట్టుకుని వెళ్లిపోయాడు. నేను చదివి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తెలియదు. వాన వార్త ఒకటి ఉండే ఉంటుంది.

మంగలి కొడుకు చెప్పిన వారంలోనే ఊరికి వెళ్లాను. నాయిన దడి దగ్గర కూర్చుని మేకపిల్లకు గడ్డి అందిస్తున్నాడు. బావి ఆయన సంగతి ఎత్తాను.

"పోయిన," అన్నాడు నాయిన.

"యాడికి?"

"సావుకు. కట్టెల దాకా పోయిన."

మా అమ్మ లోపలి నుంచి అందుకుంది. దహనం ఆయన మామిడి తోటలోనే చేశారట. మొక్కలు ఇప్పుడు చెట్లు. అయిపోయాక వెళ్లినవాళ్లంతా స్నానాలకు ఆయన బావి దగ్గరే చేరారు. దగ్గర్లో ఉన్నది అదే. ఆయన బతికినన్నాళ్లూ ఆ నీళ్లు ఒక్క చెంబెడు ముట్టనివాళ్లు బొక్కెనలకు బొక్కెనలు చేదుకుని నెత్తిన పోసుకున్నారట. ఒకరి మీద ఒకరు కుమ్మరించుకున్నారట. చావుకు వచ్చామని మరిచి నవ్వారట. పాత జీతగాడు ముసలివాడై కూడా ఒక రాగం తీశాడట. ఊరంతా ఇంటికి తడి బట్టలతో వచ్చింది.

"మీ నాయిన మాత్రం పొద్దుగూకినంక వచ్చిండు," అంది అమ్మ. "వాగు దాక నడిచిపోయి, ఇసుకల చెలిమె తీసి, గక్కడ తానం జేసి వచ్చిండు. గీ కాళ్లతోటి. ఎండలబడి. సచ్చినోని నీళ్లతోటి గూడ పంతమేంది అంటె పలుకడు. నువ్వన్న అడుగు."

"ఎందుకు నాయినా?" అన్నాను. "బావి నిండ నీళ్లున్నయట గదా."

నాయిన మేకపిల్ల నోటికి ఇంకో పరక అందించాడు. అది నమిలేదాకా చూశాడు.

"ఉన్నయి," అన్నాడు. "నాకు లేవన్నడు గదా."